పిల్లికి పట్టినది జలుబేనా?

ముసలి పిల్లి తుమ్మితే జలుబన్నారు. ముక్కు కారితే జలుబన్నారు. ముక్కు వెంట నెత్తురు పడితే వేసవి వేడి అన్నారు. వ్యాధికి తప్పుడు పేరు పెట్టడం కూడా హింసయే అని నా వాదం.

పిల్లుల నాసికాకుహరంలో కణితి పుట్టడం అరుదే కాని వింత కాదు. వయసు మళ్ళిన పిల్లులకే ఎక్కువ. వాటిలో ప్రధానమైనది లింఫోమా, తరువాతిది ఎడినోకార్సినోమా. ఒక రంధ్రం నుండే నెలల తరబడి స్రావం, అందులో నెత్తురు, గురక, కంటి నీరు, ముఖం ఒక ప్రక్క ఉబ్బడం దీని లక్షణాలు. వాసన తెలియని పిల్లి ఆహారం ముట్టదు. దానిని మనం పొగరంటాము!

మా వీధిలోని 12 ఏళ్ళ పిల్లికి ఇట్లే 4 నెలలు గడిచాయి. 3 మార్లు యాంటీబయాటిక్ మార్చారు. వేసినప్పుడల్లా కొంత తగ్గినట్లుండేది. ఆ తగ్గుదలే అందరినీ మోసగించింది. కణితి అడ్డుపడిన చోట క్రిములు చేరుతాయి. మందు క్రిములను అణచుతుంది కాని కణితిని కాదు. ఈ చిన్న తర్కం వైద్యునికి తెలియదనుకోను. అడిగేవారు లేరు, అంతే.

అన్నిటికన్నా గర్హనీయం పరీక్ష లేకుండా స్టెరాయిడ్ ఇవ్వడం. లింఫోమా దానికి కొంతకాలం తగ్గుతుంది; ఆపై ముక్క తీసి చూసినా వ్యాధి స్పష్టంగా దొరకకపోవచ్చు. ఇక ఇంట్లో ఉన్నది కదా అని పారాసిటమాల్ వేసే మహానుభావులకు ఒక మాట: అది పిల్లికి విషం. ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి.

“మనుషులకే దిక్కు లేదు, పిల్లికి సి.టి. స్కానా?” అని ఆక్షేపించేవారున్నారు. ఖర్చు నిజమే. పశువులకు రేడియేషన్ చికిత్స మన దేశంలో దొరకడం కష్టమన్నదీ నిజమే. కాని చల్లని గాజు పలక ముక్కు ముందు పట్టి, ఆవిరి రెండు ప్రక్కలా పడుతున్నదో లేదో చూడడానికి ఎంత ఖర్చు? ముక్కుకే పరిమితమైన లింఫోమాకు రేడియేషన్‌తోనో కీమోథెరపీతోనో ఏడాదికి పైగా బ్రతికిన పిల్లులున్నాయి. చికిత్స మన శక్తికి మించినదైతే నొప్పి తగ్గించవచ్చు, ఆహారం వెచ్చజేసి వాసన పుట్టించవచ్చు, ఊపిరాడక విలవిలలాడక ముందే అనాయాస మరణం కల్పించవచ్చు. వ్యాధి పేరు తెలిసిన తరువాతనే కదా ఇందులో ఏది తగునో నిర్ణయించగలిగేది!

కనుక వారాలు గడిచినా ఒక వైపే కారే ముక్కును జలుబని ఒప్పుకోకండి. నాలుగో యాంటీబయాటిక్ చీటీ వ్రాయబోయే వైద్యుని “బయాప్సీ ఎప్పుడండీ?” అని అడగండి. నోరు లేని ప్రాణి తరఫున ఆ ఒక్క ప్రశ్న అడగవలసినవారు మనం కాదా?