నెంబరు మనదే, పేరెవరిది?

ఫోన్ కంపెనీ మారినా పాత నెంబరే ఉంచుకునే వీలు 2010 నవంబరు 25న హర్యానాలో మొదలై, 2011 జనవరి 20 నుంచి దేశమంతటికీ వచ్చింది. 2015 జూలై నుంచి వేరే రాష్ట్రానికి వెళ్లినా అదే నెంబరు ఉంచుకోవచ్చు. ఇన్నేళ్లయినా మన ఆడవాళ్లకు ఇది ఎంతవరకు అందిందంటే నాకు అనుమానమే.

మా కాశిబుగ్గలో జాకెట్లు కుట్టే ఒకావిడ ఇంట్లో సిగ్నల్ రాదు. ఫోన్ వస్తే మిషను వదిలి గల్లీలోకి పరుగెత్తాలి. కంపెనీ మార్చుకోరాదా అంటే, "నెంబర్ పోతే గిరాకీలు పోతరు గదక్కా!" అంది. పోదని చెప్పాక అసలు సంగతి బయటపడింది. సిమ్ము ఆమె మరిది పేరు మీదుంది. ఆయనేమో దుబాయిలో. పైగా రెండిళ్ల మధ్య మాటల్లేవు.

చిక్కంతా ఇక్కడే. రీచార్జి డబ్బులు మనవే కావచ్చు, కానీ కంపెనీ లెక్కలో నెంబరు ఎవరి పేరున ఉంటే హక్కు వారిదే. భర్త పేరునో, అన్న పేరునో తీసుకున్న సిమ్ములు మన ఇళ్లలో ఎన్ని లేవు? బ్యాంకు ఓటీపీ, ఆధార్, గ్యాస్ బుకింగ్ అన్నీ దానికే ముడిపడి ఉంటాయి. రేపు పొరపొచ్చాలొస్తే, పేరున్నవాళ్లు ఆ సిమ్మును బంద్ చేయించగలరు, డూప్లికేటూ తీసుకోగలరు.

అందుకని ఇంట్లో సఖ్యంగా ఉన్నప్పుడే ఇద్దరూ ఆధార్ పట్టుకుని కంపెనీ ఆఫీసుకెళ్లి పేరు మార్పించుకోండి. అనుమానం దేనికని ఇంట్లోవాళ్లు నొచ్చుకుంటే, పొలం పట్టా మీద పేరుండటం అనుమానమా అని అడగండి. పేరు మార్పు నడుస్తుండగా పోర్టింగ్ అడిగితే తిరగ్గొడతారు, కాబట్టి ముందు అది పూర్తి కానివ్వాలి.

ఆ తర్వాత పని తేలిక. ఇంగ్లీషులో పోర్ట్ అని కొట్టి, కాస్త ఖాళీ వదిలి, మీ నెంబరు వేసి 1900కు మెసేజ్ పంపితే కోడ్ వస్తుంది. మన దగ్గర అది నాలుగు రోజులే చెల్లుతుంది. ఆలోగా కొత్త కంపెనీవాళ్ల దగ్గరికి ఆధార్‌తో వెళ్లాలి. పాత కంపెనీలో చేరి 90 రోజులు నిండి ఉండాలి, బిల్లు బాకీ ఉండకూడదు. ప్రీపెయిడ్ బ్యాలెన్సు మాత్రం వెంట రాదు. ఆ కోడ్ ఫోన్‌లో ఎవరడిగినా చెప్పకండి!

మరి పేరున్నవాళ్లు రానంటే? జాకెట్లు కుట్టే ఆవిడలాంటివాళ్ల బ్యాంకు ఖాతా, ఆధార్ ఆ నెంబరుకే ముడిపడి ఉన్నాయి కదా, వాటినే సాక్ష్యంగా తీసుకుని పేరు మార్చే దారి ట్రాయ్ ఎందుకు ఆలోచించకూడదు?