వెనక సీటు మాట

జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు పోయిన సంక్రాంతికి రెండు కార్ల ఫొటోలు పంపించి, "మావయ్యా! వీటిలో ఏది కొనమంటావు? రెండూ సెకండ్ హ్యాండువే. ధరలో పెద్ద తేడా లేదు" అని అడిగాడు. ఆ కార్ల పేర్లు ఇక్కడ రాయను. కంపెనీలవాళ్ళతో నాకెందుకు తగాదా? రెండూ నాలుగు తలుపుల సెడాన్లే. ఒకదాని టాపు ముందద్దం మీంచి లేచి, విల్లులా వంగి, డిక్కీ దాకా జారిపోయింది. రెండోది నిటారుగా, ఇస్త్రీ చొక్కా వేసుకున్న హెడ్‌గుమాస్తాలా ఉంది.

వాడి మనసు ఎటుందో అడగడంలోనే తెలిసిపోయింది. మొదటి కారుకు నాలుగు ఫొటోలు, రెండోదానికి ఒక్కటే!

ఇందులో నేను వేలు పెట్టడానికి కారణం మా అక్కయ్య. వేసవికి కొడుకు దగ్గరికి వెళ్ళి మూడు నెలలుండాలని ఆవిడ సంకల్పం. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. కారెక్కాలంటే ముందు వెనుదిరిగి సీటు మీద కూలబడుతుంది. తరువాత ఒక్కొక్క కాలే చేత్తో పట్టి లోపలికి లాక్కుంటుంది. ఈ తతంగం జరిగినంతసేపూ తల ఎక్కడ పెట్టుకోవాలన్నదే సమస్య. ఆవిడ కొలతలన్నీ అంబాసిడర్‌తో వచ్చినవి. ఆ బండీ పుట్టుకకు యూరప్ సెడానేనండోయ్! ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ను తెచ్చి మనవాళ్ళు పేరు మార్చారు. 2014 దాకా తయారైంది. అందం గురించి ఎవరూ పద్యాలు చెప్పలేదుగాని, ముత్తైదువలు తలలో పూలచెండు నలక్కుండా ఎక్కి దిగేవారు.

షోకుకూ సౌకర్యానికీ మధ్య తగువు ఇవాళ్టిది కాదు. 1955లో ఫ్రాన్సులో రెండు సెడాన్లు వచ్చాయి. ఏప్రిల్‌లో పూజో 403. అక్టోబరులో, పారిస్ మోటారు ప్రదర్శనలో, సిట్రోయెన్ డి.ఎస్. ఆ రెండో దాన్ని చూసిన జనం వెర్రెత్తిపోయారు. మొదటిరోజు సాయంత్రానికి 12,000 ఆర్డర్లు వచ్చాయి. దాని రూపం దిద్దిన ఫ్లామీనియో బెర్టోనీ స్వతహాగా శిల్పి. డి.ఎస్. అన్న రెండక్షరాలనూ ఫ్రెంచివాళ్ళు పలికితే "దేవత" అన్న మాట వినబడుతుంది. మరి దేవతను చూడగానే దణ్ణం పెట్టనివాడెవడు?

అయితే అది ఒట్టి బొమ్మ కాదు. మామూలు కార్లకుండే ఉక్కు స్ప్రింగులు దానికి లేవు. ప్రతి చక్రం దగ్గరా ఒక ఇనుప గోళం. అందులో ఒకవైపు నైట్రోజన్ వాయువు, మరోవైపు ఒత్తిడితో నిండిన నూనె. రాత్రంతా నేలకు కుంగి పడుకున్న కారు ఇంజను వెయ్యగానే ఏనుగులా నెమ్మదిగా లేచి నిలబడేది. గతుకుల రోడ్డు మీద లోపలివాళ్ళకు పరుపు మీద ప్రయాణం. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య 3 మీటర్ల పైచిలుకు దూరం; వెనక కూర్చున్నవారు కాళ్ళు బారజాపుకోవచ్చు. 1962 ఆగస్టు 22న అధ్యక్షుడు ద గాల్ మీద హంతకులు తుపాకులు పేల్చి టైర్లు చీల్చినా, ఆయన డి.ఎస్. ఆగకుండా తప్పించుకుపోయింది. ఆ దెబ్బతో దాని ఖ్యాతి ఇంకా పెరిగింది.

ఇంత సుఖానికీ సుంకం కట్టినవాడు ఊరి మెకానిక్కు. సస్పెన్షను, బ్రేకులు, స్టీరింగు, గేర్లు అన్నీ ఆ ఒక్క నూనె ఒత్తిడి మీదే నడిచేవి. ఎక్కడైనా కారిందా, అన్నిటికీ చేటే. ఆ మొదటి రకం నూనె గాలిలోని తేమను పీల్చి, లోపలి గొట్టాలను తుప్పు పట్టించేది కూడా. చివరికి కంపెనీయే దిగివచ్చి, స్టీరింగూ గేర్లూ మామూలు పద్ధతిలో పెట్టి, ఐ.డి. అన్న పేరుతో 1957లో చవక రకాన్ని అమ్మకానికి పెట్టింది. ఆకారం అదే, మెత్తదనమూ అదే. తిప్పలు మాత్రం తగ్గాయి.

పూజో 403 సంగతి వేరు. చూస్తే సాదా బండి. దాని గీతలు గీసినది మాత్రం ఇటలీలో పేరుమోసిన పినిన్ ఫరీనా సంస్థ! చేయి తిరిగిన దర్జీ చేత గుమాస్తా కోటు కుట్టించినట్టు. 1966 దాకా 12 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. దాని వెనకే 1960లో వచ్చిన 404 అయితే ఆఫ్రికా దుమ్ములో, బురదలో తూర్పు ఆఫ్రికా సఫారీ పందెం నాలుగుసార్లు గెలిచింది: 1963, 66, 67, 68. మెకానిక్కు తండ్రి దగ్గర నేర్చుకున్న పనితోనే దాన్ని బాగుచెయ్యగలిగేవాడు.

ఆనాటి షోకు బరువు మెకానిక్కు మీద పడింది. ఈనాటి షోకు బరువు మరొకరి మీద పడుతోంది. 2004లో మెర్సిడెస్ కంపెనీ సి.ఎల్.ఎస్. అన్న కారు తెచ్చింది. తమ ఇ-క్లాస్ సెడాన్ అస్థిపంజరం మీదే, రెండు తలుపుల కూపే కారుకుండే వంపు టాపు పెట్టారు. చూపులకు చక్కగా ఉంది. ఇక తక్కిన కంపెనీలూ ఆ బాట పట్టాయి.

మేనల్లుడికి జవాబు రాస్తూ నేనిచ్చిన ఉదాహరణ వోక్స్‌వ్యాగన్ ఇంటిది. 2008లో ఆ కుటుంబం నుంచి రెండు కార్లు వచ్చాయి: పస్సాట్ సి.సి., స్కోడా సూపర్బ్. ఇంజన్లూ, అడుగున ఉన్న కట్టుబడీ ఇంచుమించు ఒకటే. ఒక తల్లి బిడ్డలే అనుకోండి. సి.సి. ఎత్తు 1417 మిల్లీమీటర్లు, సూపర్బ్ ఎత్తు 1462. అంటే తేడా నాలుగున్నర సెంటీమీటర్లు, మూడువేళ్ళ మందం. సి.సి.లో మొదట వెనక ఇద్దరికే సీట్లు పెట్టారు. తలుపు అద్దాలకు చట్రం కూడా లేదు, చూడ్డానికి ముచ్చట. సూపర్బ్‌లో వెనక కాళ్ళ దగ్గర బోలెడు జాగా. డిక్కీ మూతను మామూలుగానూ తీయవచ్చు, వెనకద్దంతో సహా మొత్తం పైకీ ఎత్తవచ్చు. వెనక తలుపులో గొడుగు పెట్టుకోవడానికి గూడు కూడా ఉంది. జర్మనీ వానలకు అది చిన్న సౌకర్యం కాదు.

"ఒరే అబ్బాయ్, టాపు వంచితే పోయేది తల దగ్గరి జాగా ఒక్కటే కాదు," అని రాశాను. "తల తగలకుండా వెనక సీటును కిందికి దించుతారు. అప్పుడు ఎక్కడమంటే పడడం, దిగడమంటే గోతిలోంచి లేవడం. ఆ లేచే బరువంతా మీ అమ్మ మోకాళ్ళదే. కొనేముందు స్టీరింగు దగ్గర కూర్చోకు. అక్కడ కూర్చుంటే అన్ని కార్లూ బాగానే ఉంటాయి. వెనక తలుపు తీసి, చేతిలో ఒక సంచీ పట్టుకుని, మూడుసార్లు ఎక్కి దిగు. మీ ఆవిడ చేత కూడా ఎక్కించు. తరువాత నీ ఇష్టం."

నా ఉత్తరం అందిందన్నాడు. "చాలా బాగా రాశావు మావయ్యా" అన్నాడు. పదిహేను రోజులకు వంపు టాపు కారే కొన్నాడు.

నాకు కోపం వచ్చిందనుకోకండి. నా మొదటి సైకిలు, లైటు వెలగకపోయినా, హ్యాండిలు తళతళలాడుతోందని కొన్నాను.

అక్కయ్య మే నెలలో వెళ్ళింది. వారానికి ఫోను చేసి, "కారు భేషుగ్గా ఉందిరా తమ్ముడూ! కాళ్ళు హాయిగా చాపుకుంటున్నాను. నువ్వు ఊరికే వాణ్ణి బెదరగొట్టావు" అంది. నేను తెల్లబోయాను. మోకాళ్ళ సంగతి అడిగితే నవ్వింది. ఇంతకీ ఆవిణ్ణి ముందు సీట్లో కూర్చోబెడుతున్నాడు!

ఫోను కోడలు పుచ్చుకుంది. మా ఇళ్ళలోకెల్లా పొడగరి ఆ పిల్ల.

"మావయ్యగారూ, మీరు రాసిన ఆ నాలుగున్నర సెంటీమీటర్లూ ప్రస్తుతం నా నెత్తిమీదే ఉన్నాయండీ," అంది.