అయస్కాంతాలతో ఫ్రీ కరెంట్.. ఆ వీడియోల్లో మోటార్ సౌండ్ ఎందుకు వినిపించదు?

ఖిలా వరంగల్: ఒక చెక్క ముక్క. దాని మీద కంప్యూటర్‌లో వాడే చిన్న ఫ్యాన్. చుట్టూ నాలుగు అయస్కాంతాలు. ఇంకో అయస్కాంతం దగ్గరికి తెస్తే చాలు.. ఫ్యాన్ గిర్రున తిరుగుతుంది. వైర్లు తగిలిస్తే బల్బు కూడా వెలుగుతుంది. బ్యాటరీ లేదు, కరెంటు లేదు! పైన "జీవితాంతం ఉచిత విద్యుత్" అని టైటిల్. ఇలాంటి వీడియోలు యూట్యూబ్, ఫేస్‌బుక్, వాట్సాప్‌లో ఏళ్లుగా చక్కర్లు కొడుతూనే ఉన్నాయి.

మరి ఇందులో నిజమెంత? జవాబు చాలాసార్లు ఆ వీడియోలోనే దొరుకుతుంది. ఎక్కడ చూడాలో తెలిస్తే చాలు.

ఆశ ఎక్కడ పుడుతోంది?

కోట గోడల మధ్యే ఊరున్న ఖిలా వరంగల్‌నే తీసుకోండి. తెలంగాణలో వ్యవసాయానికి 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు ప్రకటించారు. గృహజ్యోతి కింద అర్హత ఉన్న ఇళ్లకు 200 యూనిట్ల వరకు జీరో బిల్లు. కానీ పిండిగిర్ని, జిరాక్స్ సెంటర్, చిన్న హోటల్ నడిపేవాళ్లకు నెల తిరిగేసరికి బిల్లు తప్పదు. "ఒక్కసారి పెట్టుబడి పెట్టండి, ఇక బిల్లే ఉండదు" అనే మాట ముందుగా తగిలేది వీళ్లకే. వీడియో చూసి ఊరుకుంటే పోయేదేమీ లేదు. దాన్ని నమ్మి 'ఫ్రీ ఎనర్జీ జనరేటర్' కోసం అడ్వాన్స్ కొడితేనే జేబుకు చిల్లు.

అయస్కాంతం ఒక్కటే ఎందుకు తిప్పలేదు?

మట్టికోట గట్టు మీది నుంచి సైకిల్ వదిలితే కిందికి దూసుకొస్తుంది. మళ్లీ గట్టు ఎక్కాలంటే? తొక్కాల్సిందే. అయస్కాంతాల లెక్కా అంతే. దగ్గరికి వచ్చేటప్పుడు లాగి ఇచ్చిన శక్తిని, దాటి వెళ్లేటప్పుడు వెనక్కి లాగి తీసేసుకుంటుంది. చక్రం ఒక చుట్టు తిరిగేసరికి మిగిలేది సున్నా. పైగా బేరింగ్ రాపిడి, గాలి తాకిడి ఉండనే ఉన్నాయి. అందుకే ఉత్త అయస్కాంతాలే ఉంటే చక్రం కాసేపు ఊగి ఆగిపోతుంది. నాలుగు పెట్టినా, నలభై పెట్టినా ఇదే కథ.

మరి మామూలు మోటార్లలో కూడా అయస్కాంతాలు ఉంటాయి కదా? ఉంటాయి. కానీ అక్కడ కాయిల్‌లోకి కరెంటు వెళ్తుంది. సరైన టైమ్‌కి దాని దిశ మారుతూ ఉంటుంది కాబట్టి మోటార్ తిరుగుతూ ఉంటుంది. ఆ కరెంటే మన మీటర్‌లో యూనిట్లుగా కనిపిస్తుంది. వీడియోలోని కంప్యూటర్ ఫ్యాన్ లోపల ఉన్నదీ ఇదే ఏర్పాటు. అంటే ఎక్కడి నుంచో దానికి కరెంటు అందుతోందన్నమాట.

వీడియోలో ఏం చూడాలి?

సౌండ్: ఇది మొదటి క్లూ. జనరేటర్‌కు బల్బు తగిలిస్తే బరువు పడుతుంది, స్పీడ్ తగ్గుతుంది, మోత మారుతుంది. నీళ్ల మోటార్ కోసం జనరేటర్ నడిపిన ఎవరికైనా ఇది తెలుసు. ఫేక్ వీడియోల్లో సరిగ్గా ఆ చోటే మోటార్ మోత తీసేసి మ్యూజిక్ పెడతారు.

టైమ్: చిన్న కంప్యూటర్ ఫ్యాన్‌కు 2 వాట్లు ఉంటే చాలు. చెక్క కింద దాచిన మామూలు 9 వోల్టుల బ్యాటరీ దాన్ని గంటకు పైగా తిప్పగలదు. వీడియో నడిచేది మాత్రం ఒకటి రెండు నిమిషాలే.

బల్బు: లోపలే బ్యాటరీ ఉండే ఎమర్జెన్సీ ఎల్‌ఈడీ బల్బులు ఇప్పుడు ప్రతి షాపులో దొరుకుతున్నాయి. వాటి కింది భాగాన్ని చేత్తో తాకినా వెలుగుతాయి. అలాంటి బల్బు వెలిగితే కరెంటు పుట్టినట్టు కాదు.

కట్: ఫ్యాన్ తిరగడం మొదలయ్యే ముందు షాట్ మారిందా? చెక్కను ఎత్తి అడుగు భాగం చూపించారా? ఫోన్‌లో ప్లేబ్యాక్ స్పీడ్ 0.25కి తగ్గించి చూడండి. కంప్యూటర్‌లో అయితే యూట్యూబ్ వీడియో పాజ్ చేసి, కామా, ఫుల్‌స్టాప్ కీలు నొక్కితే ఒక్కో ఫ్రేమ్ వెనక్కి, ముందుకు కదులుతుంది. వైరు నీడ, సన్నని దారం, అతుకు బయటపడేది అక్కడే.

ఈ పనికి ల్యాబ్ అక్కర్లేదు. కెనడాలో ఉండే ఇంజినీర్ మెహదీ సదగ్‌దార్ తన 'ఎలక్ట్రోబూమ్' ఛానల్‌లో ఇలాంటి ఫ్రీ ఎనర్జీ వీడియోల గుట్టు విప్పుతూనే ఉంటారు. కదిలే వస్తువు వేగాన్ని ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ కొలిచే 'ట్రాకర్' సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. ఫిజిక్స్ విద్యార్థులు ఎవరైనా వాడుకోవచ్చు.

200 ఏళ్ల కిందటే దొరికిన దొంగ

ఈ మోసం కొత్తదేం కాదు. 1813లో న్యూయార్క్‌లో చార్లెస్ రెడ్‌హెఫర్ అనే వ్యక్తి ఆగకుండా తిరిగే యంత్రాన్ని ప్రదర్శనకు పెట్టాడు. దాన్ని చూడటానికి స్టీమ్ బోట్‌తో పేరు తెచ్చుకున్న ఇంజినీర్ రాబర్ట్ ఫుల్టన్ వెళ్లారు. యంత్రం ఒకే వేగంతో తిరగడం లేదని ఆయనకు అనుమానం వచ్చింది. పక్కన ఉన్న చెక్కలు పీకిస్తే లోపల ఒక బెల్టు కనిపించింది. అది గోడలోంచి పైగదికి వెళ్తోంది. అక్కడ ఒక ముసలాయన కూర్చుని చేత్తో హ్యాండిల్ తిప్పుతున్నాడు!

ఈ కాలంలో ఐర్లాండ్ కంపెనీ స్టియోర్న్ 2006లో అయస్కాంతాలతో ఉచిత శక్తి సాధించామని పత్రికా ప్రకటనే ఇచ్చింది. 2007లో లండన్‌లో చేయాల్సిన ప్రదర్శన రద్దయింది. కంపెనీ సొంతంగా పిలిపించుకున్న 22 మంది నిపుణులు 2009లో ఏకగ్రీవంగా చెప్పింది ఒక్కటే.. శక్తి పుట్టినట్టు ఆధారం లేదు.

డబ్బు అడిగితే ఏం చేయాలి?

"పేటెంట్‌కు అప్లై చేశాం" అంటే పేటెంట్ వచ్చినట్టు కాదు. ప్రకృతి నియమాలకు స్పష్టంగా విరుద్ధమైన దాన్ని ఆవిష్కరణగా ఒప్పుకోమని మన 1970 పేటెంట్ల చట్టం సెక్షన్ 3(ఎ) చెబుతోంది. ఇప్పటికే ఆన్‌లైన్‌లో డబ్బు పంపి మోసపోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయాలి.

ఇంకా పంపకపోతే అమ్మేవాడిని ఒక్కటే అడగండి. మిషన్‌ను మా షాపుకు తెచ్చి, మా టేబుల్ మీద పెట్టి, మా బల్బు తగిలించి, పొద్దున్నుంచి రాత్రి దాకా ఆపకుండా తిప్పి చూపిస్తావా? నిజంగా ఫ్రీ కరెంటు ఇచ్చే మిషన్‌కు అది పెద్ద పనేం కాదు.