బొగ్గు కొండల వోట్లు

అమెరికాలో కొడుకో కూతురో వున్న ఇల్లు మన వీధుల్లో ఇప్పుడు వింత కాదు. న్యూజెర్సీ, డల్లాసు అనే పేర్లు మన బామ్మలకు కూడా నోటికి వచ్చు. కాని ఆ దేశపు రాజకీయాలను తేల్చే వోట్లలో కొన్ని, మనవాళ్లు అంతగా ఎరుగని కొండపల్లెల్లో వున్నాయి. అటువంటి చోటు సంగతి ఒకటి చెబుతాను, చిత్తగించండి.

కెంటకీ రాష్ట్రంలో తూర్పున అపలాచియన్ కొండల్లో పరచుకున్నది ప్రతినిధుల సభకు ఐదవ నియోజకవర్గం. జనం సుమారు ఏడున్నర లక్షలు. చెప్పుకోదగిన నగరం ఒక్కటీ లేదు. నూటికి 90 మందికి పైగా తెల్లజాతివారు. దేశం మొత్తంమీద మిక్కిలి బీద నియోజకవర్గాల్లో ఇదొకటి. 2020లో ట్రంప్‌కు ఇక్కడ నూటికి దాదాపు 80 వోట్లు పడ్డాయి. రిపబ్లికన్ పక్షానికి చెందిన హాల్ రోజర్స్ 1980లో మొదటిసారి గెలిచారు. 2024లో గెలిచింది 23వ సారి! ఆ ఏడు డెమోక్రాట్లు అభ్యర్థినే నిలపలేదు.

రిపబ్లికన్లు సర్కారు ఖర్చు తగ్గాలనేవారు. డెమోక్రాట్లు బీదలకు సర్కారు సాయం పెరగాలనేవారు. మరి బీదలు మొదటివారికి వోటు వేయడమేమిటి? "చదువులేని జనం, తమ మేలు తమకే తెలియదు" అని పట్నవాసపు పెద్దమనుషులు తేల్చేస్తారు. అంత తేలిక వ్యవహారం కాదది.

ఆ కొండల్లో రెండు చరిత్రలున్నాయి. 1861లో అంతర్యుద్ధం వచ్చినప్పుడు జాక్సన్ కౌంటీ వంటి చోట్ల బానిసలను పెట్టుకున్న కామందులు తక్కువ. జనం లింకన్ పక్షాన నిలిచారు. లింకన్‌ది రిపబ్లికన్ పార్టీ గనుక తాత వేసిన వోటు మనవడికి ఆస్తిలాగా సంక్రమించింది. 1974లో పదవి వదులుకున్న నిక్సన్, 1978 జూలైలో జనం ముందుకు వచ్చి మాట్లాడటానికి ఎంచుకున్నది ఇక్కడి హైడెన్ అనే చిన్న వూరినే. అక్కడ తన పేరిట కట్టిన భవనానికి ఆయనే ప్రారంభోత్సవం చేశారు.

పైక్, ఫ్లాయిడ్ మొదలైన బొగ్గు కౌంటీలది వేరే కథ. కార్మిక సంఘానికి చట్టబలం ఇచ్చిన రూజ్‌వెల్టును గనివాళ్లు మరిచిపోలేదు. డెమోక్రాటు కార్ల్ పెర్కిన్స్‌ను 1949 నుంచి 1984లో ఆయన మరణించేదాకా పంపిస్తూనే వచ్చారు. 1964 ఏప్రిల్‌లో అధ్యక్షుడు జాన్సన్, పేదరికంపై యుద్ధమని చాటుతూ, ఇనెజ్ అనే వూళ్లో పనిలేని ఒక కాపురస్థుడి అరుగుమీద కూర్చున్నది కూడా ఈ కొండల్లోనే. 1990 జనాభా లెక్కల తరువాత సరిహద్దులు మార్చి, ఈ రెండు చరిత్రలనూ ఒకే నియోజకవర్గంలో కలిపారు.

తరువాత బొగ్గు కూలింది. యంత్రాలు వచ్చాయి, చవక గ్యాసు వచ్చింది, తేలికగా తవ్వే పొరలు అయిపోయాయి, గాలి కాలుష్యంపై నిబంధనలు బిగిశాయి. 2011 తరువాత కొద్ది ఏళ్లలోనే సగానికి పైగా గని ఉద్యోగాలు పోయాయి. ఈ నాలుగు కారణాల్లోనూ ముఖం వున్నది ఒక్కదానికే. గ్యాసును తిట్టలేరు, యంత్రాన్ని వోడించలేరు. నిబంధనలు పెట్టిన డెమోక్రాటు ప్రభుత్వాన్ని వోడించవచ్చు. 1869లో ఏర్పడింది మొదలు ఏ అధ్యక్ష ఎన్నికలోనూ రిపబ్లికన్‌కు మొగ్గని ఎలియట్ కౌంటీ 2016లో మొగ్గింది.

ఇంకొక విశేషం. సర్కారు ఖర్చు తగ్గాలనే పార్టీలో వున్న రోజర్స్ గారు 2011 నుంచి 2017 దాకా ఖర్చుల పద్దులు చూసే సంఘానికే అధ్యక్షులు. కేంద్రపు సొమ్ము తెచ్చి కొండదారికి సుంకం ఎత్తివేయిస్తే, 2003లో ఆ దారికి ఆయన పేరే పెట్టారు. పార్టీ ఏదన్నా చెప్పనీ, వూరికి పని చేసిన మనిషిని వూరు వదులుకోదు గదా!

2022 జూలైలో వరద వచ్చి 40 మందికి పైగా మరణించారు. డెమోక్రాటు గవర్నరు ఆండీ బెషీర్ అప్పుడు కొండల్లో వెంట నిలిచారు. 2019లో ఆయనను కాదన్న పెర్రీ, లెచర్ కౌంటీలు 2023లో ఆయనకే మొగ్గాయి. ఆ మరుసటి ఏడు అధ్యక్ష ఎన్నికలో మళ్లీ ట్రంప్‌కే వేశాయి. దీన్ని గుడ్డి వోటు అనగలమా?

బీదలకు వైద్యం చేయించే మెడికెయిడ్ పథకం మీద దేశంలోకెల్లా ఎక్కువగా ఆధారపడిన నియోజకవర్గాల్లో ఇదొకటి. 2025 జూలైలో ఆ పథకం ఖర్చుకు కత్తెర వేసిన చట్టానికి రోజర్స్ గారు అనుకూలంగా వోటు వేశారు. రేపు కొండల్లో ఒక ఆసుపత్రి తలుపు మూతబడితే ఆ జనానికి అందులో ఎవరి ముఖం కనిపిస్తుందో, ఆ తరువాతి వోట్లు దాన్నిబట్టి వుంటాయి. జనాభా పట్టికలు మాత్రం ఆ సంగతి ముందుగా చెప్పవు.