సెన్సార్, ఇమేజింగ్ పీజీ: అప్పు చేసే ముందు

బ్రిటన్‌లో ఎమ్మెస్సీ ముగించిన విదేశీ విద్యార్థి రెండేళ్లు అక్కడే ఉండి ఉద్యోగం చూసుకునే వీలు ఇంతకాలం ఉంది. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి అది 18 నెలలే. అంటే 2026 సెప్టెంబరులో ఏడాది కోర్సులో చేరే పిల్లలు చదువు ముగించేసరికి కొత్త లెక్కే వర్తిస్తుంది. ఏజెంట్లు చాలామంది ఇంకా పాత రెండేళ్ల మాటే చెబుతున్నారు.

మన ఇళ్లలో దీన్ని ప్రత్యేకంగా పట్టించుకోవాల్సింది ఈసీఈ, ఇన్‌స్ట్రుమెంటేషన్, ఫిజిక్స్ చదివిన పిల్లలున్నవారు. ఫోన్ కెమెరా, సీటీ స్కాన్, కారు రాడార్, ఉపగ్రహ చిత్రం అన్నీ ఇప్పుడు ఒకే చదువు కిందికి వస్తున్నాయి. గ్లాస్గో, ఎడిన్‌బరా విశ్వవిద్యాలయాలు కలిసి నడిపే సెన్సార్ అండ్ ఇమేజింగ్ సిస్టమ్స్ ఎమ్మెస్సీ అలాంటిదే. చదువు మంచిదే, అందులో మాకు అనుమానం లేదు. మా అనుమానమంతా ఆ తర్వాతి 18 నెలల మీదే.

బ్రిటన్‌లో ఉద్యోగ వీసాకు సాధారణ జీతం హద్దు 2025 జులై నుంచి ఏడాదికి 41,700 పౌండ్లు. కొత్తగా చదువు ముగించినవారికి కొంత తక్కువ ఉంటుంది. కానీ ఈ రంగానికి ఇంకో చిక్కుంది. ఇన్‌ఫ్రారెడ్ కెమెరా అయినా, రాడార్ అయినా ఆసుపత్రికి ఎంత పనికొస్తుందో సైన్యానికీ అంతే పనికొస్తుంది. అందుకే కొన్ని సున్నితమైన పీజీ కోర్సులకు బ్రిటన్ వీసా కంటే ముందే ఏటీఏఎస్ అనే అనుమతి అడుగుతుంది. అమెరికాలో థర్మల్ ఇమేజింగ్ మీద ఎగుమతి నియంత్రణలున్నాయి. రక్షణ పనులు చేసే కంపెనీలు విదేశీయులను తీసుకోవడానికి వెనకాడతాయి. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఈ బాధ ఇంతగా లేదు. కాబట్టి మన పిల్లలకు దొరికే ఉద్యోగాల సంఖ్య ప్రకటనల్లో కనిపించేదాని కంటే తక్కువ.

అక్కడ తలుపు మూసే పాస్‌పోర్టే ఇక్కడ తలుపు తీస్తుంది. నక్షత్రాలను చూసి ఉపగ్రహం తన దిశ తెలుసుకునే స్టార్ సెన్సార్లు బెంగళూరులోని ఇస్రో లియోస్‌లో తయారవుతాయి. రాత్రిపూట చూసే పరికరాలు బెల్ మచిలీపట్నం యూనిట్ చేస్తుంది. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నైసార్‌లో ఎస్-బ్యాండ్ రాడార్ మన దేశానిదే. మబ్బుల్లోంచీ నేలను చూసే ఆ డేటాను చదవగలిగినవాళ్లు కావాలి.

ఇక్కడి దారి గేట్. ఇన్‌స్ట్రుమెంటేషన్, ఈసీ, ఫిజిక్స్ పేపర్లతో పాటు 2022 నుంచి జియోమాటిక్స్ కూడా ఉంది. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఎంటెక్‌లో నెలకు 12,400 రూపాయల స్కాలర్‌షిప్ వస్తుంది. బెంగళూరు అద్దెలకు అది ఎంత సరిపోతుందో మన పాఠకులకు చెప్పనక్కర్లేదు, కానీ అప్పు మాత్రం ఉండదు.

బీటెక్ అడ్మిషన్లప్పుడు ఎన్ఐటీల్లో హోమ్ స్టేట్ కోటా మనల్ని ఇబ్బంది పెట్టింది. సీసీఎంటీ ద్వారా జరిగే ఎంటెక్ ప్రవేశాల్లో ఆ కోటా లేదు. హోసూరు పిల్లకైనా, బరంపురం పిల్లాడికైనా వరంగల్, రూర్కెలా, సూరత్కల్ ఒకటే.

అసలు జాగ్రత్త కుల ధ్రువపత్రం దగ్గర. ఎస్సీ, ఎస్టీ జాబితాలు, కేంద్ర ఓబీసీ జాబితా రాష్ట్రాలవారీగా ఉంటాయి. ఆంధ్రలో ఉన్న బంధువులకు వచ్చిన పత్రం చూసి మనకూ వస్తుందనుకుంటే కష్టం. తమిళనాడు బీసీ జాబితాలో ఉన్న పేరు కేంద్ర జాబితాలో తమిళనాడు కింద ఉందో లేదో వేరుగా చూసుకోవాలి. తాతల కాలంలో వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు పాత భూమి పత్రాలు, స్కూలు టీసీలు ఇప్పుడే వెతికి పెట్టుకుంటే మేలు. నాన్-క్రీమీ లేయర్ పత్రం ఆ ఆర్థిక సంవత్సరానిదే అడుగుతారు. సీటొచ్చాక తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగితే రిపోర్టింగ్ గడువు ఆగదు.

ఇంకో మాట. డెహ్రాడూన్‌లో ఇస్రో వారి ఐఐఆర్ఎస్ ఎంటెక్ చదివినవారికి ఏళ్లుగా పట్టా ఇస్తున్నది విశాఖలోని ఆంధ్రా విశ్వవిద్యాలయం. రిమోట్ సెన్సింగ్ మీద ఇష్టం ఉన్నవాళ్లు గేట్ దరఖాస్తుతో పాటు ఆ ప్రకటన కోసం కూడా కనిపెట్టుకుని ఉండాలి.