ఖాళీగానే ఉన్నారుగా!

నాకు బొత్తిగా గిట్టని మాట ఒకటుంది: "ఖాళీ". చేతిలో క్రోషా సూది, ఒళ్ళో దారం ఉండ పెట్టుకుని కూర్చున్న ఆడమనిషిని చూసి అందరూ అనే మాట అదే. "ఖాళీగానే ఉన్నారుగా, మా మనవడికి ఓ స్వెట్టరు అల్లిపెట్టండి." "ఖాళీ ఉన్నప్పుడు మా గుమ్మానికి ఓ తోరణం అల్లు వదినా, తొందరేం లేదులే." నా రెండు చేతులూ పనిలో ఉంటే వీళ్ళకి ఖాళీ ఎక్కడ కనిపించిందో! సోఫాలో పడుకుని ఫోను చూస్తున్న మగాయన్ని మాత్రం ఎవరూ ఖాళీగా ఉన్నారనరు. ఆయన రెస్టు తీసుకుంటున్నారు.

లెక్క చెప్తాను వినండి. చంటిపిల్లాడి స్వెట్టరు ఒకటి అల్లాలంటే, వంటా వార్పూ అయ్యాక రోజుకి 2 గంటల చొప్పున కూర్చుంటే నాకు 12 రోజులు పడుతుంది. అంటే 24 గంటలు. మెడ దగ్గర లెక్క తప్పితే విప్పి మళ్ళీ అల్లుకోవడం అదనం. అడిగినవాళ్ళు ఊలు ఖరీదు చేతిలో పెట్టి ఇక బాకీ తీరిపోయిందనుకుంటారు. అదే ఆవిడ బ్లౌజు కుట్టించుకున్నప్పుడు గుడ్డ తనే ఇచ్చి, కుట్టుకూలి కూడా ఇస్తుంది కదా? టైలరుకి బోర్డుంది, నాకు లేదు. ఈ లెక్క మా వారికి చూపిస్తే, "మరి అల్లుతూ నువ్వు చూసే సీరియల్ టైము తీసెయ్యాలిగా" అన్నారు. సీరియల్ నేను చెవులతో చూస్తానండీ, అల్లేది చేతులతో.

అయినవాళ్ళ దగ్గర డబ్బులు తీసుకుంటావా అని ముక్కున వేలేసుకోకండి. మా అమ్మాయి పురిటికి అల్లిన కుళ్ళాయికీ మేజోళ్ళకీ నేను బిల్లు వెయ్యలేదు. అది నా అంతట నేనిచ్చిన కానుక. రంగు మీరే చెప్పి, సైజు మీరే చెప్పి, శ్రావణ మాసం లోపల కావాలని గడువు కూడా పెడితే దాన్ని ఆర్డరంటారు.

ఇది నా ఒక్కదాని గోలే అయితే ఇంత రాసేదాన్ని కాదు. ఈ "ఖాళీ" అనే మాట మీద ఒక పరిశ్రమే నడిచింది. అదీ మన గోదావరి ఒడ్డునే. నరసాపురం లేసు సంగతి మీకు తెలిసే ఉంటుంది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఈ పని ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పాకింది. అక్కడ అల్లిన టేబుల్ క్లాతులూ, దిండు గలీబులూ ఓడలెక్కి యూరప్, అమెరికా వెళ్ళాయి. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో ఆ ఊళ్ళలో తిరిగి, 1982లో "ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్" అనే పుస్తకం వేసింది. ఇంటి చాకిరీ కాక రోజుకి 6 నుంచి 8 గంటలు లేసు అల్లేవాళ్ళకి ఆ రోజుల్లో పూర్తి రూపాయి కూడా గిట్టేది కాదు. పొలం కూలికి వెళ్ళే ఆడవాళ్ళకి అంతకంటే ఎక్కువ వచ్చేది. కానీ "మా ఇంటి ఆడవాళ్ళు గడప దాటరు" అన్న గొప్ప ఒకటుండేది కదా, ఆ గొప్పకి కట్టిన వెల అది. ఒకరు పువ్వులల్లితే ఇంకొకరు అతుకుపని చేసేవారు. మొత్తం సరుకు ఎలా తయారైందో, ఎంతకి అమ్ముడైందో అల్లినావిడకి తెలిసేది కాదు. మగవాళ్ళు ఏజెంట్లయ్యారు, వ్యాపారులయ్యారు, ఎగుమతిదారులయ్యారు. ఆడవాళ్ళు మాత్రం గృహిణులుగానే మిగిలిపోయారు. జనాభా లెక్కల్లో వాళ్ళు పనివాళ్ళుగా కూడా లేరు! తీరిక వేళల్లో చేసుకునే పని అన్న పేరుండబట్టే అంత తక్కువ కూలి చెల్లిందని ఆవిడ వాదన. నాకందులో కాదనడానికేమీ కనపడలేదు.

ఇప్పుడు రోజులు మారాయంటారా? 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ ఆ గుర్తింపు కాపాడేది సరుకు పేరుని. అల్లే చేతికి గంటకెంత ఇవ్వాలో అందులో ఉండదు. ఈ పనికి కూలి ముక్కల లెక్కనో, వాడిన దారం లెక్కనో కడతారు కానీ, గంటల లెక్కన కట్టిన ఏజెంటుని నేను చూడలేదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. స్వెట్టర్లల్లే మిషన్లు ఎప్పుడో వచ్చేశాయి. క్రోషాని మాత్రం చేత్తో అల్లినట్టు అల్లే మిషను బజారులోకి ఇంతవరకూ రాలేదు. మిషను మీద దిగేది చూపుకి అలా కనిపించే లేసు. మాల్‌లో 800 రూపాయలకి వేలాడుతున్న టాపు అసలైన క్రోషాదైతే, ఎక్కడో ఒకావిడ కూర్చుని ఒక్కొక్క గొలుసూ లాగి అల్లిందే. ఆ 800లోంచి షాపు అద్దె, పన్ను, రవాణా, ఏజెంటు వాటా, దారం ఖరీదు తీసేసి, మిగిలినదాన్ని గంటలతో భాగించి చూడండి. చవగ్గా దొరికిందని మురిసిపోవడం అక్కడితో ఆగుతుంది.

బేరాలాడే వదినమ్మలకి కూడా ఒక మాట. ఎగ్జిబిషన్లో కొండపల్లి బొమ్మలాయన దగ్గర నిలబడి, "చెక్కబొమ్మకి ఇంతా?" అంటారు. పొణికి చెక్క ఆరబెట్టి, కాళ్ళూ తొండమూ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపంపొట్టూ కలిపిన మక్కుతో అతికి, రంగులేసిన అంబారీ ఏనుగు అది. బయటికొచ్చాక పార్కింగువాడు ఎంతంటే అంత ఇచ్చేస్తారు, అక్కడ నోరు లేవదు.

మనలోనూ చాలామంది ఏదో కాలక్షేపానికి అల్లుతున్నానని మెలికలు తిరిగిపోతారు. ఆ మాట విన్నవాడు రేటు ఎందుకు పెంచుతాడు? నేనైతే ఇప్పుడు అడిగినవాళ్ళకి ముందే చెప్పేస్తున్నాను: దారం మీది, గంటకి 100 రూపాయలు, ఎన్ని గంటలో డైరీలో రాసి చూపిస్తాను. ఇద్దరు మాట్లాడ్డం మానేశారు. ముగ్గురు ఇచ్చారు.

ఇంకొకటి. జనాభా లెక్కలవాళ్ళు గుమ్మంలోకొచ్చి "ఆవిడేం చేస్తారండీ?" అంటే, ఇంట్లో మగవాళ్ళు ఠక్కున "ఏం చెయ్యదండీ, ఖాళీయే" అనేస్తారు. మీరు వంటింట్లోంచి బయటికి రండి. లేసు అల్లుతాను, రోజుకిన్ని గంటలు, ఇంత వస్తుంది అని మీరే చెప్పండి. చెప్పి, అలాగే ఎక్కించారో లేదో అడిగి చదివించుకోండి.