పతకం తప్పినవాళ్లను మైదానానికి దూరం చేయకండి

బ్రయాన్ షైమర్ పేరు మన క్రీడా పేజీల్లో పెద్దగా కనిపించదు. మంచు ముఖం చూడని ఫ్లోరిడాలోని నేపుల్స్ ఆయన ఊరు. కాలేజీలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడి, ఆ కాళ్ల సత్తువతో బాబ్‌స్లెడ్‌లోకి వచ్చాడు. బండిని పరుగున తోసి, ఎక్కి కూర్చుని, మంచు ట్రాక్‌లో గంటకు 130 కిలోమీటర్లు దాటిన వేగంతో దిగే ఆట అది. ముందు కూర్చునే పైలట్ చేతుల్లో తాళ్లకు కట్టిన రెండు రింగులుంటాయి, అంతే. మలుపులో కాస్త ఎక్కువ లాగాడా, టైము పోయినట్టే.

1994 లిల్లెహామర్ ఒలింపిక్స్‌లో బండి కింది రన్నర్లు నిబంధన మించి వేడిగా ఉన్నాయని షైమర్ జట్టును తప్పించారు. 1998 నగానోలో కాంస్యాన్ని బ్రిటన్, ఫ్రాన్స్ పంచుకున్నాయి, ఆయనకు అది 0.02 సెకన్ల తేడాతో పోయింది. ఇంకొకరైతే ఇంటికెళ్లిపోయేవారు. ఆయన మాత్రం ఆటలోనే ఉన్నాడు. 2002లో, అయిదో ఒలింపిక్స్‌లో, 39 ఏళ్ల వయసులో కాంస్యం గెలిచాడు.

తర్వాత అమెరికా జట్టుకు కోచ్ అయ్యాడు. ఆయన శిష్యుడు స్టీవెన్ హోల్కాంబ్‌కు కెరటోకోనస్ వ్యాధితో చూపు దాదాపు పోయింది. ఆ సంగతి చాలాకాలం దాచాడు. చికిత్సతో చూపు వచ్చాక కొత్త చిక్కు: చేతికి తెలిసే అదురును బట్టి నడిపే అలవాటు చెదిరింది. హెల్మెట్ అద్దాన్ని గీతలతో మసక చేసుకుని మరీ నడిపాడు. 2010 ఒలింపిక్స్‌లో, విస్లర్ ట్రాక్‌పై నలుగురి బండి విభాగంలో అమెరికాకు 62 ఏళ్ల తర్వాత స్వర్ణం తెచ్చాడు.

వెంట్రుకవాసిలో పతకం పోగొట్టుకున్నవాడే మరొకరిని స్వర్ణం దాకా నడిపించాడు. జిల్లా పరిషత్ హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా నాకు షైమర్ కథ అందుకే ముఖ్యం. మా పిల్లల్లో సునాయాసంగా గెలిచేవాణ్ని ఎలా పరిగెత్తావురా అంటే, "ఏమో సార్, వచ్చేసింది" అంటాడు. వెంట్రుకవాసిలో ఓడినవాడు మాత్రం పక్కవాడి స్టార్ట్ చూసి, "రెండో అడుగుకే తల ఎత్తేశావు, అక్కడే పోయింది" అని చెప్పేస్తాడు. కోచ్‌కు కావలసిన కన్ను అది.

రాష్ట్ర పోటీల్లో నాలుగు, అయిదు స్థానాల్లో నిలిచిన పిల్లలు డిగ్రీ అయ్యాక ఏదో ఒక ఉద్యోగంలో చేరి మైదానం మరిచిపోతున్నారు. రెండు తెలుగు రాష్ట్రాల క్రీడా శాఖలకు నా విన్నపం ఒక్కటే. పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్)లో కోచింగ్ డిప్లొమాకు వాళ్లను ఎంపిక చేసి పంపండి, ఫీజు ప్రభుత్వమే కట్టాలి. తిరిగొచ్చాక మండలానికొకరిని కోచ్‌గా వేయండి.